పన్ను తెచ్చినవారికే ప్రవేశం

మానవజాతి ఇకపై వేచి ఉండనక్కర్లేదని పళ్ళ ఆసుపత్రి సగర్వంగా ప్రకటించింది. వేచి ఉండే కాలాన్నే రద్దు చేశారు. (బెంచీలు నిన్ననే తీసేశారు.)

ఈ ఘనత ఆసుపత్రి పరిశోధకుడిది. ఆయన కంప్యూటర్ నమూనాలో కాలం నడవదు, దూకుతుంది. మనిషి రావడం ఒక సంఘటన, పని చూసుకుని పోవడం మరో సంఘటన. మధ్యలో ఏమీ జరగదు కనుక కాలమూ లేదు. దీన్ని అనుకరణ అంటారు. (కరుణ వేరే విభాగం.)

సరిగ్గా ఆ లేని కాలంలోనే మా పిన్ని బుగ్గ బంతిలా వాచి, మూసి ఉన్న ఆసుపత్రి తలుపు బయట నిలబడి ఉంది.

“నాయనా, ప్రాణం పోతోంది. ఈ పన్ను పీకించు!”

“నొప్పి సంఘటన కాదండీ, స్థితి,” అన్నాడు తలుపు పక్కనే కూర్చున్న పరిశోధకుడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “స్థితి మారితేనే సంఘటన.”

“నీ దవడ పగిలితే ఏమవుతుందిరా?”

“అది సంఘటనేనండీ,” అంటూ ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ నమూనాను మొదట పన్నుల శాఖకోసం తయారుచేశారు. అక్కడా పన్నే, ఇక్కడా పన్నే, ఒక పన్నుకు రెండు నమూనాలు దుబారా అని పెద్దాఫీసరుగారు తేల్చారు. కనుక ఆ నమూనాయే తెరిచే ఈ తలుపుకు నియమం కూడా అదే వచ్చింది: పన్ను తెచ్చినవారికే ప్రవేశం. నోట్లో దాచుకున్నవారు ఎగవేతదారులు. (కట్టుడు పళ్ళవారికి మాత్రం ప్రశంసాపత్రం. నిజాయితీగా కట్టినవారు కదా!)

“పీకించుకోవడానికే కదా డాక్టరమ్మా, లోపలికి రావాలి?” అన్నాను కిటికీలోంచి.

“నాకు తెలీదేంటండీ! పొద్దుట్నుంచి ఒక్క నోరు చూస్తే ఒట్టు. ఆ తలుపు తెరుచుకుంటేగా!”

పిన్ని ఇక ఆగలేదు. సంచీ కుట్టు లాగి, దారం ఒక కొస నోట్లో ఒక పంటికీ రెండో కొస తలుపు పిడికీ కట్టేసింది.

“పిన్నీ, ఏ పంటికి కట్టావో చూసుకున్నావా?”

“నోరంతా ఒకటే పోటురా. చేతికందిన దానికి కట్టా!”

అంతలో కట్టుడు పళ్ళ పెద్దాయన ఒకరు వచ్చారు. తలుపు ఆయనకు సగౌరవంగా, దభాలున తెరుచుకుంది.

సంఘటన జరిగింది. పిన్ని పన్ను పిడికిట్లో పట్టుకుని లోపలికి దూసుకుపోయింది. లోపల బల్ల దగ్గరున్న గుమాస్తా లేచి నిలబడి దాన్ని అందుకుని రసీదిచ్చాడు. డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, తన నోరు తెరిచింది.

“అయ్యో, ఇది గట్టి పన్నమ్మా! పుచ్చింది పక్కది!”

“కంగారుపడకండి,” అన్నాడు గుమాస్తా మర్యాదగా. “పొరపాటున కట్టిన పన్నుకు వాపసు ఉంటుంది.”

పిన్నికి వాపు అలాగే ఉంది. వాపసుకు క్యూ అటువైపట.