సంచీలో తలుపు

మెకానిక్ షెడ్డులో ఏ లోపమూ నశించదు. ఒక చోటు నుంచి ఇంకో చోటికి బదిలీ అవుతుంది, అంతే. బదిలీ మీద వెళ్ళిన ఉద్యోగి లాగే, కొత్త చోట కూడా పాత పద్ధతిలోనే పనిచేస్తుంది, అంటే మన పని కానివ్వదు. ఈ సూత్రాన్ని ఏ బడిలోనూ చెప్పరు. కారు కొనుక్కున్నవాడికి మాత్రం ప్రకృతి దగ్గరుండి నేర్పిస్తుంది.

నాకు నేర్పిన విధానం ఇది. మా కారులో డ్రైవరు పక్కసీటు వైపు అద్దం దిగడం మానేసింది. మామూలుగా అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. (మా కారులో మానేసినవి చాలా ఉన్నాయి. రేడియో ఎప్పుడో మానేసింది. అప్పటినుంచి మా ప్రయాణాలు ప్రశాంతంగా సాగుతున్నాయి.) కానీ ఆ సీటు మా అమ్మది. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. కాలు చాపుకుని కూర్చోవాలంటే పూర్తిగా వెనక్కి జరిగే సీటు అదొక్కటే. పైగా అద్దం మూసి ఉంటే అమ్మకి కడుపులో తిప్పేస్తుంది. కుట్లు ఆరగానే వ్యాయామ కేంద్రానికి తీసుకెళ్ళాలని డాక్టరు చెప్పాడు. "ఆలస్యం చేశారంటే కీలు ఎలా ఉన్నది అలాగే బిగుసుకుపోతుంది. తర్వాత నన్నేమీ అనొద్దు," అని ముందే తప్పుకున్నాడు కూడా.

అమ్మ టైలరు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఇంట్లో మాటల కన్నా కుట్టుమిషన్ చప్పుడే ఎక్కువ. ఆపరేషన్ గదిలోకి వెళ్ళేముందు ఆవిడ డాక్టర్ని అడిగింది ఒకటే మాట. నడుస్తానా అని కాదు, మిషన్ తొక్కగలనా అని. "మోకాలు వంగితే తొక్కొచ్చమ్మా," అన్నాడాయన. వంగితే అన్న మాట అమ్మ విన్నదో లేదో గానీ, ఇంటికి రాగానే మిషన్ మీద గుడ్డ తీసి నూనె వేయించింది.

అందుచేత కారు షెడ్డుకి వెళ్ళింది. షెడ్డు అంటే ఇప్పుడు వాళ్ళకి కోపం. దాని పేరు వాహన ఆరోగ్య కేంద్రం. చల్లటి గది, మెత్తటి కుర్చీలు, గాజుగోడ. ఆ గోడలోంచి మన బండిని విప్పుతుంటే చూడొచ్చు. (చూడటానికే అనుమతి. చప్పుడు ఇటు రాకుండా, మన కేకలు అటు పోకుండా గాజు మందంగా వేయించారు.) అక్కడ బండి బాగుచేసేవాడు ఒక మేస్త్రీ. మనల్ని బాగుచేసేవాడు ఇంకొకాయన, టై కట్టుకుని ఉంటాడు. ఆయన్ని సంతృప్తి అధికారి అంటారు. అందరిలోకీ ఆయనదే పెద్ద జీతమని మేస్త్రీ ఒకసారి నిట్టూర్చాడు.

బండి ఇచ్చే రోజున సంతృప్తి అధికారి స్వయంగా నా చేత మీట నొక్కించాడు. అద్దం వెన్నలా దిగింది. వెన్నలా ఎక్కింది. నేనూ, ఆయనా, మేస్త్రీ ముగ్గురం పసిబిడ్డ మొదటి అడుగు చూసినట్టు మురిసిపోయి చూశాం. ఇంకోసారి దింపాను. తలుపు తీసి చూడాలన్న ఆలోచన మాత్రం ముగ్గురిలో ఏ ఒక్కడికీ రాలేదు. తలుపు బాగానే ఉందని కదా అద్దం బాగుచేయించడానికి తెచ్చింది!

"ఇది మీది సార్," అంటూ మేస్త్రీ ఒక గుడ్డసంచీ చేతిలో పెట్టాడు. విప్పిన పాత సామాను ప్రతి ముక్కా యజమానికి అప్పగించడం ఆ కేంద్రం ఆచారం. నిజాయితీకి గుర్తుగా సంచీ మీద నవ్వుతున్న స్పానర్ బొమ్మ ఉంటుంది. లోపల తుప్పు పట్టిన స్క్రూలు, విరిగిన ప్లాస్టిక్ ముక్క, వాటి మధ్య చివర కొక్కెం ఉన్న సన్నటి కడ్డీ ఒకటి ఉన్నాయి. కడ్డీ తళతళా మెరుస్తోంది.

"ఇదేంటి, పాతదానిలా లేదే?" అన్నాను.

"అది మిగిలింది సార్. కంపెనీవాళ్ళు ఒకటీ అరా ఎక్కువే పెడతారు. మేం చూసి తీసేస్తాం. బండి తేలికవుతుంది, మైలేజీ పెరుగుతుంది," అన్నాడు మేస్త్రీ, తడుముకోకుండా.

నాకు ఆ మాట ఎంతో శాస్త్రీయంగా వినిపించింది. ఇంతలో నా ఫోన్ మోగింది. మా సేవలతో సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి అంది గొంతు. చెందకపోతే ఏం నొక్కాలో చెప్పలేదు. నేను తటపటాయిస్తుంటే సంతృప్తి అధికారి చెవి దగ్గరికి వచ్చి, "మీరు నొక్కితేనే గేటు లేస్తుంది సార్, రెండూ కలిపి ఉంటాయి," అన్నాడు. నా వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతున్నాయి. ఒకటి నొక్కాను. గేటు లేచింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ తయారైపోయి గుమ్మం ముందు చేతికర్ర పట్టుకుని నిలబడింది. మా ఆవిడ రెండో పక్క భుజం పట్టుకుంది. హ్యాండిల్ లాగితే వదులుగా వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. తలుపు కదల్లేదు.

"లాక్ తియ్యండి," అంది మా ఆవిడ.

"తీశాను."

"అయితే ఇంకోసారి తియ్యండి."

తీశాను. వేశాను. మళ్ళీ తీశాను. లోపలికి దూరి అటునుంచి లాగాను, మోచేత్తో పొడిచాను, భుజంతో నెట్టాను. తలుపు పెళ్ళిలో అలిగిన మేనమామలా బిగుసుకుని ఉంది. ఏదో ఒకటి చూపించాలి కదా అని మీట నొక్కాను. అద్దం వెన్నలా దిగింది.

అమ్మ దిగిన అద్దం వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "దీన్లోంచి దూరమంటావేరా నన్ను?" అంది.

(టాక్సీ పిలవలేదా అని పాఠకులు అడగొచ్చు. పిలిచాను. ముందు సీటు ప్రయాణికులకి ఇవ్వకూడదని రూలండీ అన్నాడు డ్రైవరు. వెనక సీట్లో అమ్మ కాలు పట్టలేదు. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే మనిషి కోసం యాప్‌లో వెతికితే, మీ వీధి మా సేవా పరిధిలో లేదు, అయినా మిమ్మల్ని మేం ప్రేమిస్తున్నాం అని సమాధానం వచ్చింది.)

వాహన ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాను. అద్దం గురించి ఫిర్యాదైతే ఒకటి నొక్కమన్నారు. తలుపు గురించి అన్నాను. మీరు బాగుకిచ్చింది అద్దం కదా సార్ అన్నారు. నాలుగో రోజుకి సంతృప్తి అధికారి స్వయంగా లైన్లోకి వచ్చి, చాలా బాధతో, "మీరు సంతృప్తిగా ఉన్నట్టు మా దగ్గర ఉంది సార్. సంతృప్తిగా ఉన్నవాళ్ళ దగ్గర ఫిర్యాదు తీసుకోడానికి మా సిస్టం ఒప్పుకోదు," అన్నాడు.

ఇలా కాదని పక్కవీధి మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్ళాను. ప్రపంచంలో ఏ మెకానిక్ అయినా, ఎవరి బండి చూసినా మొదట ఒకే ప్రశ్న అడుగుతాడు. ఈయనా అదే అడిగాడు.

"ఎవరు సార్ దీనిమీద చెయ్యేసింది?"

చెప్పాను. తల అడ్డంగా ఊపి, నాలుక చప్పరించి, తలుపుకి సంతాపం తెలిపాడు. సీటు మీదున్న సంచీలో చెయ్యి పెట్టి ఆ మెరిసే కడ్డీ పైకి తీశాడు.

"ఇదిగో సార్ మీ డోరు," అన్నాడు.

"డోరేంటి?"

"హ్యాండిల్‌కీ లాక్‌కీ మధ్య ఇదే ఉండాలి. ఇది లేకుండా మీరు హ్యాండిల్ లాగితే, హ్యాండిల్‌తో ఆడుకున్నట్టే."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే పెట్టేయండి, అయిపోతుంది!"

ఆయన కడ్డీని మళ్ళీ జాగ్రత్తగా సంచీలో పెట్టేశాడు. "ఒకళ్ళు విప్పింది ఇంకొకళ్ళు బిగించడం మా లైన్లో లేదు సార్. నేను డోరు తెరిచిన మర్నాడు అద్దం దిగదు. అప్పుడు నా పేరు చెప్తారు. విప్పినచోటే బిగించుకోండి."

ఎంత బతిమాలినా వినలేదు. టీ మాత్రం ఇప్పించాడు.

సంచీ పట్టుకుని విజయగర్వంతో కేంద్రానికి వెళ్ళాను. దొంగ దొరికాడు, సొత్తు కూడా దొరికింది, ఇంకేం కావాలి? మేస్త్రీ కడ్డీ వంక చూసి గాజుగోడ అవతలికి జారుకున్నాడు. సంతృప్తి అధికారి మాత్రం చెక్కు చెదరలేదు. గోడ మీద బోర్డు చూపించాడు. బయటి సామాను ఇక్కడ బిగించబడదు.

"ఇది బయటిదేంటండీ, మీరే విప్పారుగా!"

"మీకు అప్పగించనంతవరకు మాదే సార్. అప్పగించాక మీ సొంతం. మీ సొంత సామాను బయటి సామాను. దాన్ని బిగించి రేపేదైనా అయితే, మీ అమ్మగారి భద్రతకి ఎవరు బాధ్యులు?"

మా అమ్మ భద్రత మీద ఆయనకున్న శ్రద్ధకి చేతులు జోడించాను. కొత్త కడ్డీ తెప్పిస్తామన్నాడు. తర్వాత కబురు చేశాడు, కంపెనీ కడ్డీని విడిగా అమ్మదట, తలుపుతో కలిపే అమ్ముతుందట. సరే, తలుపే తెప్పించమన్నాను. అడకత్తెరలో పోకచెక్క బేరాలాడదు కదా.

తలుపు బయల్దేరింది. ఫోన్‌కి సందేశాలు రాసాగాయి. మీ తలుపు గిడ్డంగిలో ఉంది. మీ తలుపు దారిలో ఉంది. మీ తలుపు మళ్ళీ గిడ్డంగికి చేరింది, శుభాకాంక్షలు. అమ్మ రోజూ పొద్దున్నే, "తలుపు వచ్చిందిరా?" అని అడిగేది, ఊరినుంచి రావాల్సిన చుట్టం గురించి అడిగినట్టు. మా ఆవిడ ఫోన్‌లో వీడియో పెట్టి, అత్తగారి కాలు పట్టుకుని వంచడానికి ప్రయత్నించేది. అమ్మ పళ్ళు బిగపట్టేది. అమ్మ అరిస్తే మా ఆవిడ భయపడి వదిలేసేది. మా ఆవిడ వదిలేస్తే అమ్మే, "పట్టుకో అమ్మాయ్, ఏం కాదులే," అనేది.

ఒకరోజు బల్లమీదున్న సంచీని చూపిస్తూ అమ్మ అంది. "నేను ఇన్నేళ్ళు కుట్టానుగా. చొక్కా కుట్టిచ్చి, చెయ్యి ఒకటి మిగిలిందండీ, పొట్లం కట్టాను, తీసుకెళ్ళండి అంటే ఊరుకునేవాళ్ళా ఎవరైనా?"

"ఊరుకోరు."

"మరి నువ్వెలా ఊరుకున్నావురా?"

గేటు సంగతి చెప్పబోయి ఆగిపోయాను. చెప్పుకుంటే సిగ్గుచేటు.

చివరికి రెండు నెలలు గడిచాక తలుపు వచ్చింది, కేంద్రంవాళ్ళు బిగించారు. మా కారు బూడిద రంగు. తలుపు ఎర్రది. ("రంగు ఫలానా అని మీరు చెప్పలేదు కదా సార్.") కానీ ఒక్క వేలితో లాగితే తెరుచుకుంటోంది. నేను ఈసారి తెలివి మీరినవాణ్ణి. తలుపు తెరిచి చూశాను, మూసి చూశాను, లోపలినుంచి, బయటినుంచి, వంగి, నిటారుగా నిలబడి. తర్వాత మీట నొక్కాను. అద్దం దిగలేదు.

"అద్దం దిగట్లేదే!"

"మేం అద్దం బాగుచేసింది పాత డోరులో సార్," అన్నాడు మేస్త్రీ, నా అమాయకత్వానికి జాలిపడుతూ. "అది మీదే. ఆచారం ప్రకారం అప్పగించేశాం."

నిజమే. వెనక సీట్లో గోనెగుడ్డ చుట్టి మా పాత తలుపు పడుకోబెట్టి ఉంది. అంత సంచీ దొరకలేదట. అందులో అద్దం ఇప్పటికీ వెన్నలా దిగుతుందని ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. వెనక బండ్లు హారన్ కొట్టాయి. నేను ఒకటి నొక్కాను.

ఎర్ర తలుపు తెరిచి అమ్మని కూర్చోబెట్టి వ్యాయామ కేంద్రానికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా అమ్మ తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకునే ఉంది. అక్కడ వ్యాయామం చేయించే ఆవిడ అమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా వంచింది. కొంతదాకా వంగి ఆగిపోయింది. ఆవిడ ఇంకాస్త బలం పెట్టింది. అమ్మ కళ్ళు మూసుకుంది గానీ, మోకాలు కదల్లేదు.

"ఎప్పుడు తీసుకురావాల్సిన మనిషిని ఎప్పుడు తీసుకొచ్చారండీ?" అంది ఆవిడ నా వైపు తిరిగి.

"తలుపు రాలేదమ్మా," అంది అమ్మ, నన్ను మాట పడనివ్వకుండా.

ఆవిడకి అర్థం కాలేదు. అయినా చెప్పాల్సింది చెప్పింది. నడుస్తారు, భయం లేదు. మెట్లు కూడా ఒక్కొక్కటే ఎక్కుతారు. మిషన్ తొక్కడం మాత్రం ఇక ఆశ పెట్టుకోవద్దు. చేత్తో తిప్పే మిషన్లు కూడా ఉన్నాయి కదమ్మా అని ఓదార్చింది. అమ్మ సరేనన్నట్టు తలూపి, చీర సర్దుకుంది. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు కూడా అమ్మ తువ్వాలు తియ్యలేదు. మా వీధి మలుపు తిరిగాక తువ్వాలు పక్కకి తీసి అంది.

"ఒరేయ్, ఆస్పత్రినుంచి వచ్చేటప్పుడు వాళ్ళు కూడా నాకేదో సంచీ ఇచ్చారుగా. దాన్లో ఏముందో ఎప్పుడైనా చూశావా?"

నవ్వించడానికి అందో, నిజంగానే అడిగిందో తెలియలేదు. ఇంటికి వచ్చి అమ్మని మంచం మీద కూర్చోబెట్టాను. ఆస్పత్రి సంచీ బీరువా మీద ఉంది. కుర్చీ వేసుకుని ఎక్కి దాని మీద చెయ్యి వేశానో లేదో, జేబులో ఫోన్ మోగింది. ఆస్పత్రివాళ్ళు. మీ అమ్మగారి ఆపరేషన్‌తో మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి అంది గొంతు.

అమ్మ కిందనుంచి నా వంకే చూస్తోంది. మళ్ళీ ఎప్పుడైనా ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తే గేటు తియ్యరేమోనని, ఒకటి నొక్కాను.