పైచూపు పథకం

"ఈరోజు నుంచి మన వీధి కుంగదు!" అని భూస్థిరత్వ కమిటీ ఛైర్మన్ పోశం గారు మా వీధిలోని జెండా గద్దె ముందు నిలబడి ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. భూమికే ఆర్డరు వెయ్యగల నాయకుణ్ణి నేను ఈ వయసుదాకా చూడలేదు.

మాది గోదావరిఖనిలో పాత గని మీద కట్టిన వీధి. కింద బొగ్గు ఎప్పుడో తీసేశారు. తీసినచోట ఇసుక నింపాలి, లేకపోతే పైనున్న నేల దిగుతుంది. ఆ ఇసుక నింపే కాంట్రాక్టు అప్పట్లో పోశం గారిదే. కాబట్టి మా కాళ్ళ కింద ఏముందో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. అదే ఏడాది ఆయన కట్టుకున్న మూడంతస్తుల ఇంట్లో ఇసుకకు ఏమాత్రం కొరత రాలేదని ఊరంతా మెచ్చుకుంటుంది.

ఆయన ప్రకటన వెనక ఎంత పరిశోధన ఉందో పత్రికల వాళ్ళు రాయలేదు. నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఆ ఎండాకాలం మా వీధి నడుమ నేల చీలింది. బావిలో నీళ్ళు ఒక పొద్దున కనబడకుండా పోయాయి. మా పక్కింటి సారక్క వంటగది గోడ ఇంటిని వదిలి వెనక్కి జరిగింది. ఆ సందులోంచి కోళ్ళు ఇంట్లోకి వచ్చిపోతున్నాయి. వానలు మొదలైతే ఆ ఇల్లు ఆగదని ఆమె భర్త నర్సింగం రోజూ అంటున్నాడు. వీధిని ఖాళీ చేయించాలంటే కమిటీ సిఫారసు చెయ్యాలి. చేస్తే ఎక్కడ క్వార్టర్లు ఖాళీ ఉంటే అక్కడికి పంపుతారు. ఒకరిని నస్పూరుకు, ఒకరిని గోలేటికి, ఒకరిని ఎక్కడో కొత్తగూడేనికి. నాకు నేల కుంగడం కన్నా అదే భయం. మా ఆయన సామ్యేల్ పోయాక, పొద్దున లేచి "సుసన్నా, చాయ తాగినవా?" అని గోడ మీంచి అడిగే మనిషి సారక్క ఒక్కతే.

అందుకని ఇద్దరం కలిసి పోశం గారి ఇంటికి వెళ్ళాం. ఆయన టీవీలో పిల్లల బొమ్మలు చూస్తున్నారు. బీపీ ఎక్కువైందని, వార్తలు చూడొద్దని డాక్టరు చెప్పారట. ప్రత్యేక రాష్ట్రం మాట ఊపందుకున్న రోజులవి. పోశం గారు పాత పార్టీలోంచి బయటికి నడిచారు, కొత్త పార్టీ వాళ్ళు ఇంకా రమ్మనలేదు. అయినా ఆయన నడక ఆపలేదు.

"పోశన్నా, మా వీధోళ్ళందర్ని ఒక్క తావుకే పంపుండ్రి. వానలు రాకముందే పంపుండ్రి," అంది సారక్క.

"కూసో అక్కా. ముందుగాల గీ ఎలుగుబంటిని చూడు."

టీవీలో ఒక ఎలుగుబంటి తేనెటీగను తరుముతూ కొండ అంచు దాటేసింది. దాని కాళ్ళ కింద నేల లేదు. అయినా గాలిలోనే పరుగెత్తుతోంది.

"పడ్డదా?"

"పడలే."

"ఎందుకు పడలే?"

"బొమ్మ గదనే, పోశన్నా!"

"గిదే మన జనంతోని తకరారు. సైన్సు చెప్తే బొమ్మ అంటరు. ఇగ చూడు."

ఎలుగుబంటి ఆగింది. కిందికి చూసింది. మా వైపు తిరిగి దిగులుగా ఒక చూపు చూసింది. అప్పుడు పడింది.

"చూసినవా? నేల లేక పడలే. నేల లేదని చూసుకున్నది, గందుకే పడ్డది."

కింద రొట్టెలా చదునైపోయిన ఎలుగుబంటి మరుక్షణం లేచి, ఒళ్ళు దులుపుకుని, మళ్ళీ తేనెటీగ వెంట పడింది. "పడ్డా ఫికర్ లేదు," అని పోశం గారు మరో విషయం కూడా కనిపెట్టారు.

"మరి నా వంటగది?"

"నువ్వు దాని దిక్కు చూస్తున్నవా?"

"రోజూ చూస్తున్న. చూడకుంటే ఎట్ల వండాలె?"

పోశం గారు జాలిగా తల ఊపారు. "నీ ఇల్లును నువ్వే పడగొడుతున్నవ్, అక్కా."

సారక్క దారి పొడుగునా ఆయన్ని తిట్టింది. నాకు మాత్రం ఆ సూత్రం నచ్చింది. కిందికి చూడకపోతే నేల కుంగదు, కుంగకపోతే గోలేటికి ఎవరూ పోనక్కర్లేదు. నేను ఆకాశం చూస్తూ ఇల్లు చేరాను. గడప తగిలి బోర్లా పడ్డాను. అది గడప తప్పు.

ఆ వారమే గద్దె దగ్గర ప్రకటన జరిగింది, 'పైచూపు పథకం' అమల్లోకి వచ్చింది. పచ్చ టోపీల వాలంటీర్లు వీధిలో తిరుగుతూ ఎవరి గడ్డం దిగినా "పైకి, అవ్వా, పైకి!" అని కేకేసేవాళ్ళు. ఆడవాళ్ళం పైకి చూస్తూనే బియ్యం ఏరాం. ఆ రోజుల్లో మా ఇండ్లలో అన్నం కరకరలాడేది. చర్చిలో తల వంచి ప్రార్థన చెయ్యొచ్చా అని పాస్టర్ రిచర్డ్ గారు కమిటీని అడిగారు. కండ్లు మూసుకుంటే పర్వాలేదని, ఆమెన్ అన్నాక తల ఎత్తకుండా కండ్లు తెరవకూడదని జవాబొచ్చింది. మెడలు పట్టేశాయి. వెంటనే పోశం గారు మెడ పట్టీల పంపిణీ పెట్టి, ప్రతి మెడతోనూ ఫోటో దిగారు.

రిటైరైన కార్మికులకు మాత్రం ఏ ఇబ్బందీ లేకపోయింది. గనిలో దిగినవాడు బతుకంతా పైకప్పు వైపే చూస్తాడు. అడుగు వేసేముందు కర్రతో కప్పును కొట్టి చెవి పెడతాడు. ఠంగుమంటే గట్టిది, డబ్‌మంటే డొల్ల. రిటైరైనా ఆ చెయ్యి ఊరుకోదు. పెండ్లి పందిట్లో కూడా గుంజను కొట్టి విని కూర్చునే మగవాళ్ళు మావాళ్ళు. మా సామ్యేల్ నన్ను చూడటానికి వచ్చినప్పుడు మొదట మా ఇంటి దూలాన్ని కొట్టి, తర్వాతే నన్ను చూశాడు.

చీలిక వెడల్పయింది. పోశం గారు మళ్ళీ టీవీ చూసి రెండో సూత్రం తెచ్చారు. రోడ్డు బొమ్మ గీస్తే దాని మీద నడవొచ్చు. చీలిక మీద సిమెంటు రోడ్డు బొమ్మ ఉన్న పెద్ద ఫ్లెక్సీ పరిచారు. రోడ్డు చివర పోశం గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. పాలు పోసే సదయ్య ఆ రోడ్డు మీద మొదటి సైకిలు నడిపాడు. పోశం గారి మెడ దాకా వెళ్ళి లోపలికి పోయాడు.

వాలంటీర్లు తాడు వేసి లాగుతూ విచారణ మొదలుపెట్టారు. "సదయ్యా, నిజం చెప్పు. కిందికి చూసినవా?"

"పడ్డంక చూసిన."

"ఎందుకు చూసినవ్?"

"చూడకుంటే కాలు దొరుకుతదా నాకు?"

"ఇగో, ఒప్పుకున్నడు!"

సదయ్య దవాఖానకు వెళ్ళాడు, ఫ్లెక్సీ కుట్టుపనికి వెళ్ళింది.

ఆ రాత్రి సారక్క నాతో మాట్లాడలేదు. పొద్దున గోడ మీంచి చాయ సంగతి కూడా అడగలేదు. నేనే వెళ్ళాను. ఆమె గిన్నెలు మూట కడుతోంది.

"ఏడికి, అక్కా?"

"ఏడికైతేంది? గోలేటి కానీ, ఇంకేదన్న కానీ. నర్సింగం రాత్రంత నిద్రపోలే. నువ్వు మొగులు దిక్కు చూసుకుంట కూసో, సుసన్నా."

"జర ఆగక్కా. ఇయ్యాల పోశన్న వస్తడట. అందర్ని ఒక్క తావుకే పంపుమని మళ్లొకసారి అడుగుదాం."

ఆరోజు పోశం గారు వచ్చింది మాకు 'శాశ్వత భద్ర వీధి' బిరుదు ఇవ్వడానికి. బిరుదు వస్తే ఇక ఎవరినీ ఎక్కడికీ పంపరు. మబ్బు పట్టింది. వీధి వీధంతా మెడ పట్టీలతో పైకి చూస్తూ నిలబడింది. ఆయన చందనపు చేతికర్ర పట్టుకుని జెండా గద్దె మొదటి మెట్టెక్కారు. రెండో మెట్టెక్కారు. గద్దె మీద కాలు పెట్టబోయారు.

పోశం గారు కూడా ఒకప్పుడు గనిలో దిగినవారే. చెయ్యి ఊరుకోలేదు. కర్రతో గద్దెను కొట్టారు.

డబ్.

ఆయన చెవి పెట్టారు. ఇంకో పక్క కొట్టారు.

డబ్.

వీధిలో ప్రతి చెవీ ఆ చప్పుడు విన్నది. ఎవరూ కిందికి చూడలేదు. పోశం గారు కూడా చూడలేదు, మాట మీద నిలబడ్డారు. ఆకాశం వైపే చూస్తూ చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నారు. మునివేళ్ళ మీద ఒక్కో మెట్టూ వెనక్కి దిగారు.

"అన్నా, జెండా?" అన్నాడు వాలంటీరు.

"మీరే ఎగరేయుండ్రి. నాకు జల్ది పనున్నది."

"పోశన్నా, మా సంగతి..." అంది సారక్క.

"నీది గట్టి వీధి, అక్కా," అని గుసగుసగా చెప్పారు, గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో అన్నట్టు. ఆయన ఎక్కిన జీపు వీధి చివరిదాకా వెనక్కే వెళ్ళింది.

కమిటీ మర్నాడే సమావేశమై తరలింపుకు సిఫారసు చేసింది. ప్రభుత్వం ఇంత వేగంగా పనిచెయ్యడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ మరుసటి పొద్దున్నే క్రేన్ వచ్చింది. సారక్క మూటలు బయట పెట్టింది. నేను నా పెట్టె, సామ్యేల్ ఫోటో తెచ్చి ఆ మూటల పక్కనే పెట్టాను. విడదీస్తే క్రేనుకు అడ్డం పడుకుందామని అనుకున్నాను.

క్రేన్ జెండా గద్దెను మెట్లతో సహా లేపింది.

"మరి మేము, బిడ్డా?" అని క్రేన్ డ్రైవర్ మొగిలిని అడిగాను.

"నాకు గద్దెదే ఆర్డర్, అవ్వా. సేఫ్ జాగలకు మార్చుమన్నరు."

గద్దె గాలిలో ఊగుతూ పోశం గారి ఇంటి వైపు వెళ్ళిపోయింది. పథకం పెట్టాక, పైకి చూస్తే ఏదైనా కనబడటం అదే మొదటిసారి. వాలంటీర్లు చప్పట్లు కొట్టారు.

గద్దె ఉన్నచోట గుంత మిగిలింది. మా ఇద్దరి మూటలూ దాని పక్కనే ఉన్నాయి. చినుకులు మొదలయ్యాయి. సారక్క నా చెయ్యి పట్టుకుంది.

"సుసన్నా, చాయ తాగినవా?"

"తాగలే, అక్కా."

ఆమె రెండో చేత్తో ఒక రాయి తీసి, చూడకుండానే గుంతలోకి వదిలింది. అది అడుగున తగిలే చప్పుడు కోసం ఇద్దరం ఆకాశం వైపు మొహాలెత్తి నిలబడ్డాం.

ఇంకా నిలబడే ఉన్నాం.