కుళ్ళాయప్ప పెట్రోలు ట్యాంకు దించిన మహాసంగ్రామము

చిత్రావతీ తీరమున, నీటికంటె ఇసుకయే సమృద్ధిగా ప్రవహించు పుణ్యభూమిలో, వేయి మగ్గాల టకటకారావమున కోడికూతలు సైతము మునిగిపోవు ధర్మవర పట్టణమున, సూర్యభగవానుడు నడినెత్తిన నిలిచి రేకుల కప్పుల మీద అప్పడాలు కాల్చుచున్నంత పనిచేయు ఒకానొక శనివారపు మధ్యాహ్నమున, పట్టుతంతు ప్రవీణుడును, జరీయంచు ధురంధరుడును, ముప్పదియేండ్లుగా గుంటమగ్గములో నడుముదాక దిగి కూర్చున్నను లోకమునకు తల వంచనివాడును అగు కుళ్ళాయప్ప, పన్నెండో నంబరు పానాను కుడిచేత ధరించి, అరుగు మీది తన మోటారుసైకిలు ఎదుట సమరోన్ముఖుడై నిలిచెను.

ఆ వాహనరాజము సామాన్యమైనదా? కూతురు అమృత పలక పట్టిన ఏడే అది ఇల్లు చేరినది. ఆ పిల్లను ట్యాంకు మీద ముందు కూర్చుండబెట్టుకొని బడికి మోసినది అదే. పిల్ల పెరిగి వెనక సీటుకు మారినప్పుడు, ట్యాంకు మీద ఆమె గాజులు గీసిన గీతలు అట్లే నిలిచిపోగా, రంగు వేయిస్తానన్న వారినెల్ల కుళ్ళాయప్ప కసరి పంపినాడు. ఆ పిల్ల హిందూపురములో నర్సు చదువుకు చేరిననాడు ట్రంకుపెట్టె మోసినదియు అదే. ప్రతి శనివారము ఆమె హిందూపురము బస్సులో పెనుకొండకు వచ్చి దిగును. అచ్చటినుండి నాయన బండి వెనక సీటు ఆమె సింహాసనము.

సకలసద్గుణ సంపన్నమగు ఆ వాహనమునకు ఒకే లోపము. రేచీకటి. పొద్దు వాలెనా, దాని లైటు తన ముందుచక్రమును తాను వెదకికొనుటకే చాలదు. గత శనివారము పెనుకొండనుండి వచ్చుచు, దారిలో ఎవరో కాయలతో పీకి ఆరబోసిన వేరుసెనగ కట్టె కుప్పను చెట్టునీడ అనుకొని, కుళ్ళాయప్ప నిర్భయముగ దానిలోకి దూరినాడు. తండ్రీకూతుళ్ళు ఆకులతో, మన్నుతో వెలికి వచ్చిరి. జడలోనుంచి ఒక్కొక్క కాయ పీకి పారవేయుచు అమృత అన్న మాట ఇది:

"నాయనా, వచ్చే శనివారం నువ్వు రాబాక. గంగాధరప్ప మామ ఆటోలో వస్తా. దానికి లైట్లన్నా ఉండాయి."

దెబ్బ మోకాలికి తగిలినది; మాట మాత్రము తిన్నగా గుండెకు తగిలినది. వారమంతయు అన్నము సహింపక, చివరకు రెండు చిన్న తెల్లని లైట్లు కొని తెచ్చినాడు. వాటి తీగలు సీటు కిందనున్న బ్యాటరీనుండి హ్యాండిలు దాక పోవలెను. దారి పెట్రోలు ట్యాంకు అడుగున. కనుక ట్యాంకు దిగవలెను. సాయంత్రము ఆరు గంటలకు బస్సు పెనుకొండ చేరును. నాలుగున్నరకు ఈ బండి కదలకున్నచో, వెనక సీటు శాశ్వతముగ ఆటోపాలు!

ఆ సమయమున ఎదురింటి గంగాధరప్ప, అదే ఆటోకు అధిపతి, పిట్టగోడకు మోచేయి ఆన్చి చూచుచుండెను.

"ఏమప్పా కుళ్ళాయప్పా! మగ్గం గుంతలో దిగినంత సులువనుకుంటివా? నాకెట్లాగూ పెనుకొండకు బాడుగ ఉండాది. పాపను నేను తెస్తాలే, నువ్వు ఊరికే ఉండప్పా."

కుళ్ళాయప్ప రోషారుణనేత్రుడాయెను. ఏటేటా వీధినాటకములో సేనాధిపతి వేషము కట్టువాడు కాబట్టి పద్యమునకు తక్కువ, అరుపుకు ఎక్కువగా ఇట్లు గర్జించెను:

"ఓరీ త్రిచక్రాధమా! ఈ భుజములుండగా, ఈ పానా ఉండగా, నా కన్నకూతురు నీ చింపిరి సీటు మీద కూర్చుండుటయా! ఈ తైలకుంభమును పెకలించి, కాంతులు స్థాపించి, సూర్యాస్తమయమునకు ముందే పెనుకొండ చేరనిచో, నా మీసము..."

"మీసం సంగతి తర్వాత," అని లోపల మగ్గము మీదనుండి భార్య సుధ కేక వేసెను. "బండి తాళంచెవి తీసినావా? బ్యాటరీ తీగ ఊడబీకినావా?"

సేనాధిపతి నాలుక కరచుకొని తాళంచెవి తీసెను. సీటు ఎత్తి, బ్యాటరీ నల్లతీగను విప్పి, కొసకు గుడ్డ చుట్టెను. అంతట ట్యాంకు వెనుక, కాపలాభటునివలె కూర్చున్న ఒంటి బోల్టు మీద దండెత్తెను. ఏమి ఆ పోరు! పానా జారెను, వ్రేలు చిట్లెను, చెమట ధారలు కట్టెను. కాలు పునాదికి తన్ని, పండ్లు కొరికి, ముక్కోటి దేవతలను, బండి చేసినవాని ఏడు తరములను స్మరించుచు, పావుగంట తిప్పినను ఆ శత్రువు మరింత బిగిసెనేగాని చలింపలేదు.

"అది బిగించే దిక్కు గదప్పా," అని గంగాధరప్ప మెల్లగా అనెను.

శత్రువు చెప్పినను నిజము నిజమే. ఇటు తిప్పగానే అటు దిగివచ్చినది.

తరువాత కుళ్ళాయప్ప తన కులవిద్య చూపెను. వేలాది పడుగుపోగులలో తెగిన ఒక్క పోగును కన్ను మూసి వెదకి పట్టువాడు కదా! ఊడదీయు ప్రతిదానికి ఒక పట్టుదారము కట్టెను: పెట్రోలు గొట్టమునకు ఎరుపు, పెట్రోలు మట్టము చూపు ముల్లు తీగకు పసుపు. ఏది ఎక్కడిదో మరువకుండుటకు. ఇక గొట్టము పీకుటకు ముందు, ట్యాంకు అడుగున కుళాయివలెనున్న పెట్రోలు తిరుగుడును మూసెను. మూసితిననుకొనెను. ఏండ్లుగా తుడిచి తుడిచి దాని మీది అక్షరములు అరిగిపోయి చాలా కాలమైనది. అతడు తిప్పినది మూయువైపు కాదు, రిజర్వు వైపు!

గొట్టము ఊడెను. పెట్రోలు బుస్సున ఎగసి అతని ముంజేతిని తడిపి, అరుగు మీద పారెను. కుళ్ళాయప్ప బొటనవ్రేలితో రంధ్రమును అదిమిపట్టి స్తంభమై నిలిచెను. వ్రేలు తీయరాదు, కదలరాదు.

సరిగా అప్పుడే గుమ్మమున వెలుగు కనబడెను. అవ్వ! కుళ్ళాయప్పను పెంచిన బాలనాగమ్మవ్వ, ఎనబదియారేండ్ల వృద్ధవీరాంగన, పళ్ళెములో కర్పూరము భగభగమండుచుండగా వచ్చుచున్నది! ఆ ఇంట వెలుగు అడుగుపెట్టిన ప్రతి దినము ముందు దీపము పట్టిన చేయి అది. వీధికి కరెంటు వచ్చిననాడు స్తంభమునకు హారతి ఇచ్చినది. ఇంటికి టీవీ వచ్చిననాడు దగ్గరగా పట్టి తెరకు మసి పూసినది. ఇప్పుడు లైట్లు!

"అవ్వా! ఆడ్నే నిలబడు! రావద్దు!"

"ఏందిరా అరుస్తావు? దీపాలు పెడ్తాండావు గదా. దీపాలు పెట్టేటప్పుడు దీపం చూపకుంటే ఎట్లరా?"

"పెట్రోలవ్వా! అంటుకుంటాది!"

"అంటుకోకుంటే అది దీపమెట్లయితాది!" అని ఆమె మరొక అడుగు వేసెను.

పిట్టగోడ మీది గంగాధరప్ప మోచేయి తీసి గోడ వెనుకకు నక్కెను. కుళ్ళాయప్ప బొటనవ్రేలిని మరింత అదిమెను. నాటకములో నేర్చిన సంభాషణలలో ఒక్కటియు నోటికి రాలేదు. అంతట మగ్గపు గుంటనుండి సుధ ఒక్క గంతున లేచి, అవ్వ భుజము పట్టి గుమ్మములోనే నిలిపి, చేతికందిన ఇత్తడి గిన్నెను మంట మీద బోర్లించెను. కర్పూరము ఆరెను. కుళ్ళాయప్ప రెండవ చేతితో తిరుగుడును ఇటు తిప్పెను. ధార నిలిచెను. సుధ తట్టెడు ఇసుక తెచ్చి అరుగు మీద పోసి, వాసన పోవు దాక అందరిని వీధిలో నిలిపెను.

మిగిలినది ఏకధాటి. ట్యాంకును వెనుకకు లాగి, పసిబిడ్డను ఎత్తినట్లు రెండు చేతుల ఎత్తి, నీడన మడిచిన దుప్పటి మీద పరుండబెట్టిరి. తీగలు దారి పట్టి, హ్యాండిలుకు బిగించిన లైట్లను చేరినవి. ఎర్రదారము ఎర్రదారపు చోటికి, పసుపు పసుపు చోటికి చేరినవి. ట్యాంకు మరల గద్దెనెక్కెను; బ్యాటరీ నల్లతీగ మరల బిగిసెను. బండిని అరుగు దించి వీధిలో నిలిపిరి. నాలుగున్నరకు ఇంక పది నిమిషములే.

అవ్వ పోయి ముందుచక్రము ఎదుట కాళ్ళు చాపుకొని కూర్చుండెను.

"హారతి ఆర్పేస్తిరి. ఆరిన హారతితో బండి వీధి దాటగూడదు. నేను లెయ్యను, తొక్కించుకొని పో."

"అవ్వా, పాప బస్టాండులో కాచుకోని ఉంటాదే!"

"కాచుకోనీ. నేను మీ తాతకోసం కాసుకోలేదా ఆరేండ్లు?"

పిట్టగోడవతల ఆటో ఇంజను మ్రోగెను. గంగాధరప్ప చేయి ఊపి వెడలిపోయెను. కుళ్ళాయప్పకు దిక్కు తోచక, అవ్వ ఎదుట మోకరిల్లి, చేయి చాచి స్విచ్చి నొక్కెను.

రెండు లైట్లు ధగద్ధగాయమానముగ వెలిగినవి. అవ్వ మొగమంతయు తెల్లని వెలుగు. ఆమె రెప్పలార్పి చూచెను. పిదప మెల్లగా రెండు అరచేతులు చాచి, ఆ వెలుగు మీద పట్టి, కండ్లకద్దుకొనెను. మరల పట్టెను, మరల అద్దుకొనెను.

"ఒరేయ్! ఈ హారతి కాలదేరా! సల్లగా ఉండాది!"

లేచి, కుంకుమభరిణె తీసి రెండు లైట్ల అద్దముల మీద నట్టనడుమ పెద్ద పెద్ద బొట్లు పెట్టెను.

"అద్దం మీద వద్దే అవ్వా..."

"మొగాన బొట్టు లేకుండా ఎవురినన్నా పయనం పంపుతారంట్రా? పో ఇంక!"

తుడుచుటకు వ్యవధి ఏది? అతడు పోయెను.

పెనుకొండ బస్టాండులో పొద్దు కొండవెనుకకు దిగుచుండెను. అమృత సంచి అప్పటికే ఆటోలో ఉన్నది; ఒక కాలు కూడ లోపల పెట్టినది. గంగాధరప్ప విజయగర్వమున మీట మీద చేయి వేసినాడు. లారీల లైట్లు, బస్సుల లైట్లు, జీపుల లైట్లు నడుమ అమృత చటుక్కున ఆగి, దూరమునకు చూచి, పకపక నవ్వసాగెను.

"మామా, నా సంచి ఇయ్యి."

"ఏమ్మా?"

"మా నాయన వస్తాండాడు. బొట్టు పెట్టుకున్న లైట్లు ఈ రోడ్డు మీద ఇంకెవురికుంటాయి?"

కుళ్ళాయప్ప వచ్చి ఆగెను. వంగి బొట్టు తుడువబోగా, అమృత అతని చేయి పట్టుకొని, "ఉండనీ నాయనా," అని వెనక సీటు ఎక్కెను.

దశదిశలారా వినుడు! ఒక్క బోల్టును ఓడించి, ఒక్క తిరుగుడును గెలిచి, ఒక్క అవ్వను ఒప్పించి, ధర్మవరవీరుడు కుళ్ళాయప్ప అడుగున్నర పొడవుగల ఒక వెనక సీటును మరల జయించెను. పెనుకొండనుండి ధర్మవరము దాక రోడ్డు మీద రెండు మసక బొట్లు ముందు నడువగా, వాటివెనుక తండ్రీకూతుళ్ళు, వేరుసెనగ కట్టె కనబడిన ప్రతిచోట పక్కకు తప్పుకొనుచు, దిగ్విజయముగ ఇల్లు చేరిరి.