పొగకు పట్టా లేదు

ఉద్దానం చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక భూస్వామి తన హద్దు రాయిని తన వైపుకే జరుపుకున్నాడు. గత నెలలో, పలాస నుంచి వజ్రపుకొత్తూరు వెళ్ళే రోడ్డు పక్కన, పట్టపగలు ఈ సంఘటన జరిగింది. చూసినవాళ్ళు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తెచ్చారు.

ఆ భూస్వామి పేరు వైకుంఠరావు. భార్య పేరు పెట్టి కట్టించిన సూర్యకుమారి ఫంక్షన్ హాలుకు యజమాని. హాలు పక్కనే బావమరిది తిరుమలరావు జీడిపప్పు ఫ్యాక్టరీ. రెండింటి మధ్య ఉన్న హద్దు రాయి ఆ మండలంలో మనుషులకంటే ఎక్కువ తిరిగింది. వైకుంఠరావు తాత ప్రతి వానాకాలం దాన్ని అటు జరిపేవాడు. తిరుమలరావు తాత ప్రతి వేసవిలో ఇటు జరిపేవాడు. మనవల కాలానికి ఆ విద్య ఎంత ముదిరిందంటే, రాయి కదిలినా దాని చుట్టూ ఉన్న గడ్డి కదిలేది కాదు.

ఇంతటి సంప్రదాయానికి గండి కొట్టింది వాతావరణం.

రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో ఛైర్మన్ టికెట్టు హరిత నాయకుడికే ఇస్తామని పార్టీ ప్రకటించింది. టికెట్టు ఆశించేవారి భవనాలన్నీ తనిఖీ చేస్తారు. ఎవరి ఖాతాలో కర్బనం తక్కువ ఉంటే వారే అభ్యర్థి. ఎవరు ఏం చదివారు, ఎవరి మీద ఎన్ని కేసులున్నాయి వంటి కాలం చెల్లిన కొలమానాలకు పార్టీ స్వస్తి పలికింది.

వైకుంఠరావుకు ఆ టికెట్టు కావాలి. పోయినసారి చేజారింది. అంతకుముందూ చేజారింది. గెలిచినవాడికి సన్మానం మాత్రం ప్రతిసారీ ఈయన హాల్లోనే, ఈయన శాలువాతోనే జరిగింది. ఈసారి కూడా అదే జరిగితే శాలువాల కొట్టువాడి ముఖం చూడలేడు. ఇక్కడ చిన్న ఇబ్బంది ఏమిటంటే, తిరుమలరావుకు కూడా అదే టికెట్టు కావాలి.

విశాఖ నుంచి దీప్తి అనే తనిఖీ అధికారిణి వచ్చి హాలంతా తిరిగింది. ఎవరూ లేని గదిలో ఏసీ తిరుగుతోంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆగలేదు. ఆమె ఓపికగా చెప్పింది.

"సార్, జనరేటరు తాగే డీజిలు, పెళ్ళి వంటకు కాల్చే కట్టెలు, కొనే కరెంటు, అన్నీ లెక్కే. మీ హద్దు లోపల ఏది కాలినా మీ ఖాతాలోకే వస్తుంది. ముందు ఏది ఎంత తింటోందో కొలుద్దాం. పాత ఏసీలు మారుద్దాం. పైన సోలారు పలకలు పెడదాం."

ఆమె ఇంకా చాలా చెప్పింది. వైకుంఠరావుకు అందులో ఒక్క మాటే వినిపించింది. హద్దు. వంశం మొత్తం ఆయన నరాల్లో లేచి నిలబడింది.

మర్నాడే రాయి లోపలికి జరిగింది. జనరేటరు, వంట పొయ్యిలు, మోటారు, కరెంటు మీటరు ఉన్న జాగా అంతా హాలుకు బయటిదైపోయింది.

"ఏటండీ, మా తమ్ముడికి భూమి ఒగ్గీసినారా? ఒంట్లో బాగుందా?" అంటూ సూర్యకుమారి ఆయన నుదురు పట్టి చూసింది.

తిరుమలరావు అంతకంటే భయపడ్డాడు. పరుగున వచ్చాడు.

"ఏటి బావా, రాయి జరిపినావంట."

"జరిపినాను."

"మా వైపే గదా?"

"నేదు. నా వైపుకే. ఆ జాగా నీదే. ఉంచీసుకో."

తిరుమలరావు అక్కడే కూలబడ్డాడు. "నాను నీకేటి అన్నేయం సేసినాను బావా?"

ఆయన వెంటనే టెక్కలి వెళ్ళి ప్లీడరును కలిశాడు. భూమి లాక్కున్నవాడి మీద కేసులు వేసి తలపండిన ప్లీడరుకు, భూమి ఇచ్చినవాడి మీద ఏ సెక్షను పెట్టాలో పుస్తకాల్లో దొరకలేదు. ఈలోగా దీప్తి ఫ్యాక్టరీకి కూడా వచ్చి అదే ఉపన్యాసం ఇచ్చింది. తిరుమలరావుకు జ్ఞానోదయమైంది. జీడి పెంకులు కాల్చే తన బాయిలరు కూడా హద్దు బయటికి పోయేలా ఫ్యాక్టరీ వైపు మరో రాయి పాతించాడు.

ఇప్పుడు రెండు రాళ్ళ మధ్య ఎవరిదీ కాని ఒక జాగా వెలిసింది. అందులో జనరేటరు, బాయిలరు, పొయ్యిలు అనాథల్లా పొగ వదులుతూ నిలబడ్డాయి. రెండు కుటుంబాల మధ్య శాంతి నెలకొంది. సూర్యకుమారి ఆ జాగా దాటి తమ్ముడింటికి పనసపొట్టు కూర పంపింది.

దీప్తి మళ్ళీ వచ్చింది. "సార్, హాల్లో లైట్లు వెలుగుతున్నాయి కదా. కరెంటు ఎక్కడ కొంటున్నారు?"

"కొనడం నేదమ్మా. అదే వత్తంది," అన్నాడు వైకుంఠరావు వినయంగా.

తనంతట తానే వచ్చే కరెంటును ఎలా లెక్కించాలో ఆమెకు శిక్షణలో చెప్పలేదు. సున్నా వేసింది. పక్కన ఫ్యాక్టరీకీ సున్నా వేసింది.

తుది నిర్ణయం కోసం పార్టీ పరిశీలకుడు నారాయణమూర్తి వచ్చాడు. సభ హాల్లోనే పెట్టారు. "పలాస గాలి ప్రపంచానికే ఊపిరి కావాలి," అని ఆయన అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అనాథ జనరేటరు గుర్రుమంది. అనాథ బాయిలరు దానికి తోడైంది. కిటికీలోంచి పొగ వచ్చి వేదిక మీద కూర్చుంది.

పరిశీలకుడు దగ్గుతూ బయటికి నడిచాడు. రెండు రాళ్ళ మధ్య జాగా చూశాడు. "ఈ స్థలం ఎవరిది?"

"ఎవరిదీ కాదండి. ఒగ్గీసినాం," అన్నారు బావా బావమరుదులు ఒకే గొంతుతో.

పరిశీలకుడి కళ్ళు చెమర్చాయి. కొంత పొగవల్ల, కొంత భావావేశంవల్ల. "ప్రజల కోసం రోడ్డు పక్క భూమి వదులుకున్నారా? ఇటువంటి త్యాగమూర్తి కోసమే పార్టీ ఎదురుచూస్తోంది. చెప్పండి, ఇది అసలు ఎవరి భూమి?"

వైకుంఠరావు ముందుకు దూకాడు. "నాదేనండి. మొత్తం నాదే."

"అబద్ధమండి. మా తాత కాలం నుంచీ మాదే," అన్నాడు తిరుమలరావు.

"నీ తాత రాయి దొంగరా."

"మరి నీ తాత ఏటి బావా, గడ్డి దొంగ."

ఇద్దరూ పంచెలు ఎగ్గట్టి చెరో రాయి పెకలించి ఎదుటివాడి వైపు మోసుకుపోయారు. రాళ్ళు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. ఇప్పుడు జాగా మొత్తం ఇద్దరిదీ అయింది. దీప్తి నిట్టూర్చి, జనరేటరూ బాయిలరూ పొయ్యిలూ ఇద్దరి ఖాతాల్లోనూ పూర్తిగా ఎక్కించింది.

టికెట్టు రామూర్తికి వచ్చింది. టెక్కలి రోడ్డులో పొగలు కక్కే ఇటుక బట్టీలన్నీ ఆయనవే. అయితే బట్టీలు భార్య పేరు మీద, లారీలు అల్లుడి పేరు మీద, ఇల్లు అత్తగారి పేరు మీద ఉన్నాయి. ఆయన సొంత ఖాతాలో ఒక్క అగ్గిపుల్ల కూడా కాలలేదు. జిల్లాలోనే అత్యంత స్వచ్ఛమైన నాయకుడిగా తేలాడు.

సన్మానం సూర్యకుమారి ఫంక్షన్ హాల్లోనే జరిగింది. శాలువా వైకుంఠరావే కప్పాడు. ఇంటికొచ్చి తలుపులు బిడాయించి ఏసీ వేసుకున్నాడు. దాని బయటి పెట్టె పక్కింటి తిరుమలరావు కిటికీలోకి వేడి ఊదడం మొదలుపెట్టింది. ఆ వేడి ఎవరి ఖాతాలో రాయాలో ఇంతవరకు తేలలేదు.

నవ్వుకుంటున్న పాఠకులు ఒకసారి లేచి, తమ ఏసీ పెట్టె ఎవరి కిటికీ వైపు ఉందో చూసి రావచ్చు. వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళండి. చల్లదనం పోతుంది.