మా కప్ప ఇల్లు మారింది

మనం చెప్పింది తప్పని తేలడం కన్నా గొప్ప అదృష్టం ఇంకోటి లేదు! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

నేను మ్యూజియంలో శిలాజాల శాస్త్రవేత్తను. రాయిగా మారిన ఒకే ఒక్క కప్పను నమ్ముకుని ఇరవై ఏళ్లు బతికాను. దాని వెనక కాళ్లు చూసి గజ ఈతగాడన్నాను. ఈదే కప్ప ఉందంటే నీళ్లూ ఉండాలిగా? అందుకే, చుక్క నీరు లేని మా నేల మీద లక్షల ఏళ్ల క్రితం పెద్ద సరస్సు, ఏడాది పొడుగునా వానలు అని తేల్చేశాను. కప్పను పెట్టిన హాలు గోడ నిండా నీలం రంగు కొట్టించి, చేపల బొమ్మలు వేయించాను. వచ్చే నెల నేను రిటైరయ్యాక ఆ హాలుకు నా పేరు పెడతామన్నారు కూడా.

మొన్న నా శిష్యురాలు ఆ కప్పను స్కాన్ చేసింది. ఆ కాళ్లు ఈతకు కాదట, మట్టి తవ్వడానికట! ఏడాదంతా బొరియలో పడుకుని, ఎప్పుడో ఓ వాన పడితే బయటికొచ్చే జాతట. కప్ప జాతి మారింది, దాంతో నా సరస్సు ఒక్క పూటలో ఇంకిపోయింది. ఏ ఇంజనీరు వల్ల అవుతుందండీ ఇంత పని?

లాభాలు చూడండి! పదేళ్లుగా పలకరించని బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మీ కప్ప పార్టీ మారిందటగా! మంత్రి పదవేమైనా ఇచ్చారా?" పెయింటరుకు పని దొరికింది. నిచ్చెన మీంచి "సార్, ఈ చేపల్నేం చేయమంటారు?" అన్నాడు. చెరిపెయ్యమన్నాను. వెంటనే బయటికొచ్చేశాను లెండి, రంగు వాసన నాకు పడదు. డైరెక్టరుగారైతే "ఎడారికి మీ పేరెందుకులెండి, బాగుండదు" అని నా పరువు కాపాడారు.

నిన్న శిష్యురాలు తలొంచుకుని వచ్చింది. "మీకు బాధగా ఉంటే నా పరిశోధన పేపరు మీరు రిటైరయ్యేదాకా ఆపుతాను సార్. అసలు నాకు అనుమానం వచ్చింది మీ వల్లే. మడమ ఎముక ఎందుకో మందంగా ఉందని మీ పేపరు అడుగున చిన్న అక్షరాల్లో మీరే రాశారుగా."

"అంత అడుగుదాకా చదివావా?"

"మొత్తం చదివాను సార్." చేతిలో నా పాత పేపరు, దాని నిండా పెన్సిల్ గీతలు.

ఇరవై ఏళ్లు చప్పట్లు కొట్టారే, మెమెంటోలు ఇచ్చారే, వాళ్లలో ఒక్కరైనా దాన్ని తెరిచి ఉంటే ఆ కప్ప ఎప్పుడో ఒడ్డెక్కేది కాదూ? నన్ను కాదన్న ఈ పిల్ల ఒక్కతే నన్ను చదివింది!

"ఆపకమ్మా, రేపే పంపించెయ్" అన్నాను. బీరువా తెరిచి నా మిగతా పేపర్లన్నీ కట్టగట్టి ఆ పిల్ల చేతిలో పెట్టాను.