పాసైన నీళ్లు

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. గుట్ట అవతలి మందుల ఫ్యాక్టరీ పొగ ఒక్కటే వంగి, మెల్లగా ఊరి మీదికి జరుగుతోంది. కాటమయ్య వేపపుల్ల నములుతూ దాన్నే చూశాడు. వాగు నీళ్లు తాగి ఆయన బర్రెలు రెండు చచ్చాయి. మూడోది కొట్టంలో ఉంది. వాగులోకి వదిలిన ఫ్యాక్టరీ పైపు మూతపడకపోతే అదీ ఉండదు.

పోయిన నెల కాలుష్యం ఆఫీసు నుంచి కృష్ణకాంత్ సారు వచ్చి ఊళ్లో ఐదుగురితో కమిటీ వేశాడు. "వాగును మేమొక్కరమే కాపాడలేం. మీరూ మేమూ కలవాలె," అని కాటమయ్య చేతికి ఒక తెల్ల డబ్బా ఇచ్చాడు. వాగు రంగు మారిన రోజున డబ్బా నింపి, కమిటీ సంతకాలతో సీలు వేసి పంపాలి. వాళ్లు పరీక్ష చేయించి, నీళ్లు చెడ్డవని తేలితే పైపు మూయిస్తారు.

ఆ రోజు వాగు చాయ్ రంగులో పారుతోంది. కాటమయ్య డబ్బా నింపి తెచ్చి గడప పక్కన పెట్టాడు. "టెస్టుకు పోవాలెనే. జర పైలం," అని భార్య యాదలక్ష్మికి చెప్పి, కమిటీవాళ్లను పిలవడానికి పోయాడు.

యాదలక్ష్మి పైలంగానే చూసింది. మూత తీస్తే ముక్కు పగిలే వాసన. సర్కారు ఏం చూడడానికి వచ్చినా ఆ ఊరి పద్ధతి ఒకటే. పెద్దసార్లు వస్తున్నారంటే మోరీల వెంట సున్నం చల్లుతారు. బడి తనిఖీ అంటే, చదువు రాని పిల్లలను ఆ పూట ఇంటి దగ్గరే ఉంచుతారు. అట్లాగే ఊరికి పరిశుభ్రత బహుమతి కూడా వచ్చింది. టెస్టుకు పోయే నీళ్లు కంపు కొడితే ఊరి ఇజ్జత్ ఏం కావాలి? ఆమె వాగు నీళ్లు పారబోసి, డబ్బాను బూడిదతో మూడుసార్లు తోమి, నల్లా నీళ్లు నింపి మూత బిగించింది.

కమిటీ వచ్చింది. మూత తీసి చూద్దామని ఒక్కరూ అనలేదు. "సూసేదేమున్నది? గా వాసన మనం ఎరగనిదా," అంటూ కమిటీ పెద్ద ఎల్లస్వామి సీలు వేశాడు. తమ కళ్ల ముందే వాగులో నింపారని ఐదుగురూ సంతకాలు పెట్టారు. డబ్బా జడ్చర్ల బస్సెక్కింది.

పన్నెండో రోజు పంచాయతీ కార్యదర్శి కమలాకర్ కాగితం పట్టుకొని వచ్చాడు.

"కాటమయ్యా, వాగు నీళ్లు తాగొచ్చట."

"ఎవలు?"

"మనుషులే. గిండ్ల గట్లనే రాసిన్రు."

యాదలక్ష్మి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "పాసైనయా? ఎందుకు గావు! మూడుసార్లు తోమి నల్లా నీళ్లు వోసిన."

కాటమయ్య గడప మీద కూలబడ్డాడు. "అవి ఫేల్ గావాలెనే!"

"ఫేల్ గానీకి ఎవలన్న పరీక్షకు పోతరా?" అంది ఆమె.

ఉన్నది చెప్పేద్దామని కాటమయ్య లేస్తే కమలాకర్ చేయి పట్టి ఆపాడు. "కండ్లముందు నింపినమని ఐదుగురు సంతకాలు వెట్టిన్రు. గిప్పుడు కాదంటే ఐదుగురి మీద కేసైతది."

"నాకు షుగరున్నది. నేను జైలుకు పోను," అన్నాడు కమలాకర్ వెంట వచ్చిన ఎల్లస్వామి, అప్పుడే పోలీసులు వచ్చినట్టు.

మళ్లీ నమూనా పంపుతామంటే ఆరు నెలల దాకా కుదరదని ఆఫీసు చెప్పింది. ఈలోగా అదే కాగితం చూపించి ఫ్యాక్టరీవాళ్లు రెండో పైపుకు అర్జీ పెట్టుకున్నారు. ఆ వారంలోనే మూడో బర్రె నోట నురగ కక్కి పడిపోయింది. యాదలక్ష్మి దాని తల దగ్గర పొద్దు గూకేదాకా కూర్చుంది.

అప్పుడు కృష్ణకాంత్ ఎల్లస్వామికి ఫోన్ చేశాడు. జిల్లాలో ఇంత మంచిగా వాగును కాపాడిన కమిటీ లేదట. ఆదివారం పేపరువాళ్లను వెంటబెట్టుకొని వచ్చి శాలువాలు కప్పుతాడట. "వాగు నీళ్లతోనే వండించండి. అందరం కలిసి తిందాం. జనానికి నమ్మకం రావాలె."

వంట యాదలక్ష్మి మీద పడింది. ఎల్లస్వామి ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నల్లా నీళ్లతోనే వండక్కా. ఎవలకు ఎర్కైతది?" ఆమె తలూపింది.

ఆదివారం బడి ముందర షామియానా వేశారు. శాలువాలు కప్పారు, ఫొటోలు దిగారు. విస్తర్లు పరిచేముందు యాదలక్ష్మి పిల్లలందరినీ ఇళ్లకు తరిమేసింది. తర్వాత అన్నం తెచ్చి మొదట సారుకే వడ్డించింది. అన్నం చాయ్ రంగులో ఉంది. కృష్ణకాంత్ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు.

"ఏం నీళ్లమ్మా ఇవి?"

"వాగుయే సార్. ఆ దినం డబ్బల వోసినయే నల్లాయి. అవి నేనే మార్చిన. కేసు వెడితే నా ఒక్కదాని మీదనే వెట్టుండ్రి."

ఎల్లస్వామి శాలువా నిండా కప్పుకున్నాడు. కెమెరాలన్నీ సారు చేతి మీదే ఉన్నాయి. యాదలక్ష్మి ఎదురుగా ఇంకో విస్తరి వేసుకుని కూర్చుని, అదే అన్నం పెట్టుకుంది. "పిలిచినోళ్లను ఒక్కళ్లనే తిననియ్యం సార్," అని మొదటి ముద్ద మింగింది. కాటమయ్య వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన వెనకే ఒక్కొక్కరుగా కమిటీ కూర్చుంది. కృష్ణకాంత్ ముద్దను నోట్లో పెట్టుకున్నాడు.

నమిలే చప్పుడు, ఈగల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మారు వడ్డించమని అడిగినవారు లేరు.