చక్రకేళి గెల పైకెక్కిన వైనం

"మేష్టారూ, నేరం చేసినవాడు పాతాళంలో దాక్కున్నా సరే, ఈ పల్లంరాజు విజిలు వేశాడంటే చచ్చినట్టు బయటికి రావలసిందే. నా బుర్ర అలాంటిది. దాన్ని తల్చుకుంటే ఒక్కోసారి నాకే భయమేస్తుందండి."

ఇలా ప్రకటించి పల్లంరాజు మెళ్ళో విజిలు గట్టిగా ఊదాడు. రావులపాలెంలో ఆ చిన్న ప్రైవేటు స్కూలుకి ఆయన డ్రిల్లు మేష్టారు. బస్టాండు కొట్లో అద్దెకి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలు చదివీ చదివీ, తను అసలు అపరాధ పరిశోధకుణ్ణనీ, డ్రిల్లు మేష్టరవడం విధి చేసిన పొరపాటనీ ఆయనకి నమ్మకం కుదిరిపోయింది. ఎదురుగా తల పట్టుకుని కూర్చున్నాయన ఫిజిక్సు మేష్టారు సత్యప్రసాద్. ఆ నమ్మకానికి రోజూ బలయ్యే స్నేహితుడు కూడా ఆయనే.

పోయింది స్ప్రింగు. అల్లాటప్పా స్ప్రింగు కాదు. పసిపిల్లల ఉయ్యాలకి పైన తగిలించే, రెండు కొసలా కొక్కేలున్న లావుపాటి స్ప్రింగు. వెనక బెంచీవాళ్ళకి కూడా కనపడాలని కరస్పాండెంటు వీరభద్రరాజుగారు రాజమండ్రి నుంచి ఏరికోరి తెప్పించారు. దానికి బరువులు తగిలించి, ఎంత బరువుకి ఎంత సాగుతుందో చూపించడమే ఆ స్కూల్లో జరిగే ఏకైక ప్రయోగం. ఆ మధ్యాహ్నమే స్కూలుకి గుర్తింపు ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఇనస్పెక్షన్ ఆఫీసరుగారు వస్తున్నారు. ఆయన ఒకప్పుడు ఫిజిక్సు చెప్పినవారు. ప్రయోగం కళ్ళారా చూడందే సంతకం పెట్టరని పేరు.

"స్ప్రింగు లేకపోతే గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే స్కూలు లేదు. ఆ తర్వాత మీరెక్కడుంటారో మీరే ఆలోచించుకోండి మేష్టారూ," అని పొద్దున్నే వీరభద్రరాజుగారు ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళారు. ఏళ్ళ తరబడి ఖాళీగా తిరిగాక దొరికిన ఉద్యోగం అది. సత్యప్రసాద్ అప్పట్నుంచీ స్ప్రింగు తగిలించే ఖాళీ స్టాండునే చూస్తూ కూర్చున్నాడు.

పల్లంరాజు రంగంలోకి దిగాడు. వేలిముద్రల కోసం స్టాండు మీద సుద్దపొడి పోసి ఉఫ్ మని ఊదితే, పొడంతా ఎగిరి ఆయన మొహానికే పట్టింది. ఆ మొహంతోనే నేలంతా పాకి ఒక అడుగుజాడ పట్టుకున్నాడు.

"కాన్వాసు బూటు. కుడి మడమ అరిగింది. మనిషి పొట్టి, కానీ మహా చురుకైనవాడు," అన్నాడు.

"అది మీ బూటేనండి."

"అంటే నన్ను ఇరికించాలని చూస్తున్నారన్నమాట. ఇది అంతర్జాతీయ ముఠా పని. నేను కాస్త ఏకాంతంగా ఆలోచించాలి."

ఆయన ఏకాంతం పక్కనున్న సామాన్ల గదిలో ఉంది. అక్కడ దూలానికి చక్రకేళి అరటిగెల ఒకటి వేలాడుతోంది. ఆఫీసరుగారికి మర్యాద చెయ్యాలని కరస్పాండెంటుగారి భార్య సుభద్రమ్మగారు సొంత తోటలో ఏరి కోయించిన గెల. నిన్న సాయంత్రం ఆవిడే దగ్గరుండి కట్టించి, దిష్టి తగలకుండా దూలం నుంచి కిందిదాకా పాతచీర కప్పి, పొద్దున్నే పూతరేకుల కోసం ఆత్రేయపురం వెళ్ళిపోయారు.

పల్లంరాజు లోపలికి వెళ్తాడు, మూతి తుడుచుకుంటూ బయటికొస్తాడు, ఇంకా లోతుగా ఆలోచించాలంటూ మళ్ళీ వెళ్తాడు. పొద్దున్నంతా ఇదే వరస. చివరికి మాత్రం మొహం పాలిపోయి వచ్చాడు.

"మేష్టారూ, గెల పైకెళ్ళిపోతోందండి."

"ఏంటి?"

"పొద్దున్న నా గడ్డానికి తగిలింది. ఇప్పుడు చెయ్యెత్తినా అందట్లేదు. అటక మీద ఎవడో కూర్చుని లాగుతున్నాడండి."

"రాజుగారూ, బలం లేందే ఏ వస్తువూ కదలదండి," అన్నాడు సత్యప్రసాద్ నీరసంగా. పదేపదే చెప్పిన పాఠం నోటికి అలా వచ్చేసింది.

"నేననేదీ అదే. ఆ బలం ఎవడిది?"

జవాబు ఆలోచించే టైం లేకపోయింది. వాకిట్లో జీపు ఆగింది. పల్లంరాజు సామాన్ల గదిలోకి దూరాడు. ఆఫీసరుగారు వీరభద్రరాజుగారితో కలిసి పదో తరగతిలోకి వచ్చి కళ్ళజోడు తుడుచుకుని, "స్ప్రింగు ప్రయోగం చూపించండి మేష్టారూ," అన్నారు. సత్యప్రసాద్ బోర్డు మీద స్ప్రింగు బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాడు. ఎంత మెల్లగా వేసినా ఒక బొమ్మకి చుట్లు ఎన్నని వేస్తాం? ఆయన బొమ్మని బోర్డు అంచుదాకా లాక్కొచ్చాడు. వీరభద్రరాజుగారి మొహం నల్లబడిపోయింది.

సరిగ్గా అప్పుడే పక్కగదిలో చీర చిరిగిన చప్పుడు, వెంటనే విజిలు. అందరూ పరిగెత్తారు.

అటక మీది దొంగని కిందికి లాగాలని పల్లంరాజు ఒక్క గెంతు గెంతి గెలని వాటేసుకున్నాడు. గెలా ఆయనా కలిసి కిందికి దిగుతున్నారు, పైకి లేస్తున్నారు, మళ్ళీ దిగుతున్నారు. నోట్లో విజిలు దిగినప్పుడొకసారి, లేచినప్పుడొకసారి కూస్తోంది. చీర ఊడిపోయింది. దూలానికీ గెలకీ మధ్య ఉయ్యాల స్ప్రింగు నిక్షేపంలా ఉంది.

"ఏంటండి ఇది?" అన్నారు ఆఫీసరుగారు.

సత్యప్రసాద్‌కి ప్రాణం లేచొచ్చింది. "స్ప్రింగు ప్రయోగమేనండి."

"మనిషిని తగిలించారేంటి?"

"వెనక బెంచీవాళ్ళకి కనపడాలని అండి."

ఆఫీసరుగారి కళ్ళు మెరిశాయి. పల్లంరాజుని దింపించి, స్కేలు తెప్పించి, గెలలోంచి ఒక్కో వరస పళ్ళు, అంటే అత్తం తరవాత అత్తం, తనే కోయించారు. బరువు తగ్గినకొద్దీ స్ప్రింగు ముడుచుకుంటోంది, గెల పైకెళ్తోంది. ఎంత ముడుచుకుందో పిల్లలు కొలుస్తున్నారు, కోసిన అత్తాన్ని అక్కడికక్కడే పంచుకు తింటున్నారు. కోసిన అత్తాలకీ స్ప్రింగు పొడవుకీ గ్రాఫు గీస్తే, బోర్డు మీద చుక్కలన్నీ ఒకే గీత మీద పడ్డాయి. చివరికి గెలంతా దింపేశాక కూడా స్ప్రింగు మునుపటంత పొట్టిగా అవలేదు.

"అవధి దాటి లాగితే ఇక వెనక్కి రాదు. ఈ సంగతి అందరూ పుస్తకంలో చదివిస్తారు, మీరు చూపించారు," అని ఆఫీసరుగారు అక్కడే సంతకం పెట్టేశారు. వీరభద్రరాజుగారు సత్యప్రసాద్ భుజం తట్టారు. సత్యప్రసాద్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జీపు ఎక్కబోయే ఆఫీసరుగారి చేతిలో పూతరేకుల పెట్టె పెట్టి సుభద్రమ్మగారు లోపలికొచ్చారు.

"స్ప్రింగు కోసం ఇంత గొడవైందా? తాడైతే ఎలకలు పాకుతాయని నేనే తగిలించానండి. కొక్కేలున్నాయి కదా, బాగా కుదిరింది."

"నాకు మొదట్నుంచీ అనుమానమేనండి," అన్నాడు పల్లంరాజు చిరిగిన చొక్కా సర్దుకుంటూ.

"అది సరే. ఆఫీసరుగారు రాకముందే కింది అత్తాలు తినేసిందెవరండి? బియ్యం బస్తా వెనక తొక్కలు గుట్టగా ఉన్నాయి."

పల్లంరాజు విజిలు ఊదబోయి, ఎందుకో మానేశాడు.

"ఆ కేసు నాకు వదిలెయ్యండమ్మగారూ. నేరస్థుడు ఎవడో కానీ అఖండమైన తెలివిగలవాడు. పట్టుకోవడానికి చాలా కాలం పడుతుంది."

సుభద్రమ్మగారు సత్యప్రసాద్ వైపు తిరిగారు. "నిజమేనా మేష్టారూ?"

ఉద్యోగం నిలబెట్టిన మనిషి పక్కనే నిలబడి విజిలు తాడు మెలిపెడుతున్నాడు. "నిజమేనండి, చాలా కష్టం," అన్నాడు సత్యప్రసాద్. ఆవిడ అటు తిరగ్గానే, స్నేహితుడి మీసానికి అంటుకున్న అరటిపండు ముక్కని మెల్లగా తుడిచేశాడు.